కనిగిరి ప్రయాణములు – మా కథలోని ఊరు

కొన్నేళ్ళ క్రిందట ఒక క్రిస్మస్ సంచిక కొరకు మేము చిన్న కథ ఒకటి వ్రాశాము. అందులో ఒక ఊరు వస్తుంది. దానికి వేపలమిట్ట అని పేరు పెట్టాము. ఒక కొండ, కొండ క్రింద మంచినీళ్ళ బావి, బావికి ఇవతల రచ్చబండ, ఆ రచ్చబండ మీద వేపచెట్టు నీడలో కూర్చున్న ఒక వృద్ధురాలు – ఇంతే ఆ కథాస్థలము. కథ అచ్చయిన తరువాత ఇద్దరు ముగ్గురు పాఠకులు, "అయ్యగారూ, ఆ ఊరు ఎక్కడుందండీ? బస్సు పోతుందా?" అని అడిగారు. లేదని చెప్పడానికి మనసు రాలేదు. ఆ ఊరు లేదు గాని, అందులోని ప్రతి రాయీ ఎక్కడో ఒకచోట ఉన్నది. కనిగిరి చుట్టుప్రక్కల పది పన్నెండేళ్ళుగా చేసిన ప్రయాణములలో మేము ఏరుకొన్నవే అవన్నీ. ఆ ప్రయాణములను గూర్చి, ఆ ఏరుకొనుటలో మేము చేసిన ఒక పొరపాటును గూర్చి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మాది గుంటూరు వైపు నల్లరేగడి. ప్రత్తి, మిరప పండే నేల మీద పుట్టి పెరిగాము. సంక్రాంతి దాటిందంటే ఎక్కడ చూచినా మిరప కల్లాలే. ఎర్రని తివాచీ పరచినట్లు కాయ ఆరబోస్తారు. బస్సు కిటికీ తెరిస్తే చాలు, లోపలున్న వారందరికీ ఒకేసారి తుమ్ములు! 1987 ప్రాంతములో ప్రత్తికి తెల్లదోమ తగిలి గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు కుదేలైనప్పుడు మేము చిన్నపిల్లలము. ఎన్ని మందులు కొట్టినా దోమ చావలేదనీ, అప్పులవాళ్ళు వాకిట్లో కూర్చున్నారనీ పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకొనుట గుర్తున్నది. కొందరు రైతులు ఆ మందే త్రాగి ప్రాణము తీసుకొన్నారు. ఆ నేల, ఆ పంట, ఆ భయము మాకు తెలుసు. దాన్ని గూర్చి వ్రాయాలంటే ప్రయాణము చేయనక్కరలేదు.

కనిగిరి అలా కాదు. వేదాంత విద్యలో డిప్లొమా ముగించి, పరిచర్యలో ప్రవేశించి, చాలా ఏళ్ళు గడిచిన తరువాత గాని ఆ పడమటి వైపున మా అడుగు పడలేదు. అక్కడి సంఘములవారు కూడికలకు పిలిచేవారు. మొదట ఏడాదికి ఒకసారి, పోను పోను రెండు నెలలకొకసారి వెళ్ళుట అలవాటయింది. మా శ్రీమతి కూడ వచ్చేవారు. నిజము చెప్పాలంటే, మేము వాక్యము చెప్పి అలసి కూర్చుంటే ఆమె పొయ్యి దగ్గర స్త్రీలతో మాట్లాడి తెచ్చిన సంగతులే తరువాత మా కథలకు ఎక్కువగా పనికివచ్చాయి.

ఒంగోలు బస్టాండులో పల్లెవెలుగు ఎక్కితే చీమకుర్తి వరకు ఒక లోకము. అక్కడ భూమిలోనుండి తీసే నల్లని గెలాక్సీ గ్రానైటు దేశదేశములకు పోతుంది. నల్లని రాతిలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి. ఒక్కొక్క లారీ మీద ఒక్కటే దిమ్మె! అది ఎదురొస్తే మా బస్సు డ్రైవరు రోడ్డు దిగి మర్యాదగా నిలబడేవాడు. దారి ప్రక్క చెట్ల ఆకుల మీద బూడిద రంగు దుమ్ము. పొదిలి దాటిన తరువాత నేల రంగే మారుతుంది. ఎర్ర గరపనేల, సర్కారు తుమ్మ, అక్కడక్కడ తాటిచెట్లు, మేకలను తోలుకొనిపోయే పిల్లలు. వాన పడిన ఏడు కంది, సజ్జ కనబడతాయి. పడని ఏడు చేలన్నీ ఒకటే రంగు. అలా పోతూ ఉండగా ముందు కొండ కనబడుతుంది, చాలాసేపటికి గాని ఊరు కనబడదు.

కనకగిరి అన్న పేరే కనిగిరి అయిందని అక్కడివారు చెప్తారు. కొండ మీద పాతకాలపు దుర్గపు శిథిలములు ఉన్నాయి. 1970లో ఒంగోలు కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడువరకు ఇది నెల్లూరు జిల్లాలోనిది గనుక మాటలో ఆ సొగసు ఇంకా మిగిలియున్నది. "రాలా", "పోలా", "తినలా" అంటుంటే మా గుంటూరు చెవులకు మొదట్లో వింతగా ఉండేది. తరువాత ఎంత ఇష్టమయిందంటే, కథలో పాత్రలన్నిటి చేత అలాగే మాట్లాడించాము. పట్టణములో మేము మొట్టమొదట గమనించినది మాత్రము కొండ కాదు, నీళ్ళ క్యాన్లు. ప్రతి దుకాణము ముందు, ప్రతి ఆటోలో, సైకిళ్ళ మీద, ఇరువది లీటర్ల క్యాన్లు. ఆతిథ్యమిచ్చిన ఇంటివారు కాళ్ళు కడుగుకొనుటకు ఒక బిందె, త్రాగుటకు వేరుగా ఒక చిన్న చెంబు ఇచ్చి, "ఆ బిందెలోవి మాత్రం నోట్లో పోసుకోవద్దండీ" అని హెచ్చరించారు.

ఇక కథ సంగతి. మేము వేపలమిట్టను ఎలా కట్టామంటే – కొండను కనిగిరినుండి తెచ్చాము. బావిని పామూరు దారిలో చూచిన ఒక ఊరినుండి తెచ్చాము. రేకుల ప్రార్థన మందిరము ఇంకొక పల్లెది. ఆ వృద్ధురాలిని, రచ్చబండను, వేపచెట్టును కనిగిరికి కొద్ది దూరములోనున్న ఒక పల్లెనుండి తీసుకొన్నాము. ఆ పల్లె పేరు ఇక్కడ వ్రాయుట లేదు, కారణము మీకే తెలుస్తుంది.

ఇలా అతుకులు వేయుట తప్పు కాదని మాకు ధైర్యమిచ్చినవారు ఇద్దరు. ఒకరు మన కందుకూరి వీరేశలింగము గారు. రాజమహేంద్రవరము ప్రక్కనున్న ధవళేశ్వరములో ఆయన కొంతకాలము బడిపంతులుగా పనిచేశారు. 1878లో రాజశేఖర చరిత్రము మొదలుపెట్టినప్పుడు ఆ ఊరితోనే ఆరంభించారు. గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల ఆయనకు దారి చూపినప్పటికీ, గోదావరి మాత్రము ఆయన స్వయముగా చూచిన గోదావరే. ఆ నవలను హచిన్సన్ గారు ఇంగ్లీషులోనికి అనువదించగా 1887లో లండనులో అచ్చయింది. ఇంగ్లీషు కథనుండి స్ఫూర్తి పొందిన పుస్తకము మరల ఇంగ్లీషు దేశమునకే వెళ్ళుటకు కారణము ఆ ఊళ్ళు, ఆ ఆచారములే అయియుంటాయని మా తలంపు.

రెండవవారు జాన్ బన్యన్. యాత్రికుని ప్రయాణము మన ఇండ్లలో చాలామంది చదివినదే. అందులోని నిరాశ ఊబి, కష్టపర్వతము, సుందర భవనము, మాయా సంత మొదలైనవన్నీ ఊహలే అని చిన్నప్పుడు అనుకొనేవారము. కాని బన్యన్ గారు 1628లో బెడ్‌ఫర్డు దగ్గర ఎల్‌స్టో గ్రామములో పుట్టి, పాత్రలకు మాట్లు వేస్తూ ఊరూరా తిరిగిన మనిషి. పనిముట్లు వీపున వేసికొని నడిచిన ఆ దారులలో బంకమన్ను బురద ఉన్నది. ఆంప్టిల్ దగ్గర నిలువైన కొండ ఉన్నది. దానిమీద హౌటన్ హౌస్ అనే గొప్ప మేడ ఉన్నది. దక్షిణాన నీలముగా చిల్టర్న్ కొండలు కనబడతాయి. కేంబ్రిడ్జి ప్రక్కన స్టౌర్‌బ్రిడ్జి సంత ప్రతి సంవత్సరము జరిగేది. ఆ ప్రాంతమును నడిచి చూచినవారు ఇవే ఆ పుస్తకములోని తావులని పోల్చి చెప్పారు. 1660లో చెరసాలలో వేయబడి పన్నెండేళ్ళు అక్కడ గడిపిన వ్యక్తికి నడిచిన దారులే కళ్ళ ముందు తిరిగియుంటాయి గదా. 1678లో పుస్తకము వెలువడింది. బురదలో దిగబడినవాడు వ్రాశాడు గనుకనే ఆ ఊబిలో మన కాలు కూడ దిగబడుతుంది.

కందుకూరి వారి సంగతి, బన్యన్ గారి సంగతి చెప్పుకొని మేము మురిసిపోయాము గాని, వారికీ మాకూ ఒక తేడా ఉన్నదని అప్పుడు తట్టలేదు. ధవళేశ్వరములో ఆయన కాపురమున్నారు. బెడ్‌ఫర్డు దారులు బన్యన్‌గారి సొంత దారులు. మేమో, శనివారము సాయంత్రము దిగి సోమవారము ఉదయము బస్సు ఎక్కే అతిథులము.

మొదటి తప్పులు చిన్నవి. వాటిని చూపి కనిగిరి స్నేహితులు నవ్వారు. మంచినీళ్ళ బావి ఒకటి. "అయ్యగారూ, ఆ బావి మాకు చూపించండి, క్యాన్లు మానేస్తాం" అన్నాడు ఒక యువకుడు. ఆ నవ్వు వెనుక చాలా దుఃఖమున్నది. ఆ నేలలోని రాతినుండి ఫ్లోరైడు నీళ్ళలో కలుస్తుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంతకు మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి త్రాగితే పిల్లల పళ్ళు గారపడతాయి, పెద్దల కీళ్ళు బిగుసుకుంటాయి, వెన్ను వంగిపోతుంది. నీళ్ళు చూస్తే తేటగానే ఉంటాయి, రుచిలో తేడా తెలియదు. ఈ వ్యాధి మన దేశములో ఉన్నదని షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1937లో వైద్య పత్రికలో ప్రకటించారు. వారు చూచినది నాటి నెల్లూరు జిల్లాలోనే. మేము అన్ని పల్లెలలో వంగిన నడుములు చూచాము, గారపళ్ళు చూచాము, ఆ వృద్ధురాలి నడుమును కథలో వర్ణించాము కూడ. అయినను బావి దగ్గరకు వచ్చేసరికి కలము దానంతట అదే 'చల్లని తియ్యని నీరు' అని వ్రాసేసింది. కథలలో బావులు అలాగే ఉంటాయని అలవాటు! కంటితో చూచినదానిని అలవాటు ఎలా చెరిపేస్తుందో ఆ రోజు తెలిసింది.

మరొకటి కాలము. మా కథలో క్రిస్మస్ ముందు కుటుంబమంతా మిరపకోతలకు పోయి, పండుగకు తిరిగివస్తారు. ఇది కూడ తప్పే. మిరప కోతలు ముమ్మరమయ్యేది సంక్రాంతి తరువాత. మేస్త్రి మాట్లాడుకొని వచ్చి, ఆటోలలో, లారీలలో జనాన్ని గుంటూరు, పల్నాడు వైపు తీసుకొనిపోతాడు. చేల గట్ల మీద పట్టాలు కట్టుకొని ఉంటారు. ఘాటుకు చేతులు మండితే మజ్జిగలో ముంచుతారు, ఆముదము రాస్తారు. మా నల్లరేగడిలో చిన్నప్పుడు మేము చూచిన కోత కూలీలలో ఈ ప్రాంతమువారు ఎందరో ఉండియుంటారు. మేము కల్లము వైపునుండి చూచాము, వాళ్ళు విడిచి వచ్చిన ఇండ్ల తాళములను చూడలేదు. కనుక కనిగిరి పల్లెలలో క్రిస్మస్‌కు మందిరము నిండుతుంది. శ్రమకాలము వచ్చేసరికి ముసలివారు, కొద్దిమంది పిల్లలు మిగులుతారు. ఈస్టరు తెల్లవారుజాము ఆరాధనకు పదిమంది లేని సంఘములను మేము ఎరుగుదుము.

ఈ రెండు తప్పులనూ నవ్వి ఊరుకోవచ్చును. మూడవది అలాంటిది కాదు.

కథ అచ్చయిన రెండు నెలలకు, కోతలకు ఇంకా జనము పోకమునుపే, ఆ పల్లెకు వెళ్ళాము. ఆరాధన అయిన తరువాత సంఘపెద్దగారు తన మనుమరాలిని లేపి, "అయ్యగారి కథ చదువమ్మా" అన్నారు. తొమ్మిదవ తరగతి పిల్ల, చక్కగా, ఎక్కడా తడబడకుండా చదివింది. అందరూ చప్పట్లు కొట్టారు. మేము, దాచుకోనేల, పొంగిపోయాము. ఏ వృద్ధురాలిని చూచి వ్రాశామో ఆమె కూడ గోడకు ఆనుకొని కూర్చుని వింటున్నది. ఏమీ అనలేదు. అందరూ వెళ్ళిన తరువాత కర్ర ఊతముగా లేచి వచ్చి గడప దగ్గర నిలబడింది.

"వందనాలు అయ్యగారూ. కథ బాగుంది. అందులో ముసల్ది నేనే గదా?"

"చాలామందిని కలిపి రాశాము పెద్దమ్మా" అన్నాము, కొంచెము తప్పించుకొనే ధోరణిలో.

"నడుం వంగినట్టు రాశారు, కర్ర రాశారు, బొగ్గుతో పళ్ళు తోముకొనేది రాశారు. అది నేనే. బాధేం లేదు. గాని, నన్ను రచ్చబండ మీద ఎందుకు కూర్చోబెట్టారు?"

మాకు జవాబు తోచలేదు. నీడ బాగున్నది గనుక, చూచుటకు అందముగా ఉంటుంది గనుక – ఇంతకు మించి మా దగ్గర కారణము లేదు.

"నేను బుద్ధెరిగినాక ఆ బండ మీద ఒక్క రోజు కూర్చోలా" అన్నదామె.

"ఇప్పుడు ఎవరైనా వద్దంటున్నారా అమ్మా?" అని మా శ్రీమతి అడిగారు.

"ఇప్పుడు ఎవరేమంటారు అమ్మగారూ! మా మనవడు సెల్లు పట్టుకొని దానిమీదే పడుకుంటాడు. నేనే కూర్చోను. ఆ చెట్టు దాటేటప్పుడు ఇప్పటికీ చెప్పులు చేతిలోకొస్తాయి. వచ్చిందాకా నాకే తెలవదు."

ఆ సాయంత్రము ఆమె మమ్మును ఊరిలో త్రిప్పి చూపింది. పది నిమిషముల దారి. మాకు గంట పట్టింది. ఆమె నడక నెమ్మది ఒక కారణము, ఆగిన తావులు ఎక్కువగుట మరొక కారణము. బావి దగ్గర ఒక అరిగిపోయిన రాయి చూపి, "ఇక్కడ నిలబడేవాళ్ళం. మేం చేద వెయ్యకూడదు. ఎవరన్నా దయతలచి తోడి పోస్తే పట్టుకొనేవాళ్ళం. ఒక్కోనాడు పొద్దు నెత్తిమీదికొచ్చేది" అన్నది. ఆ రాయిని మేము అంతకుముందు నాలుగైదుసార్లు చూచాము. బట్టలు ఉతికే రాయి అనుకొన్నాము. ఏ వీధిలోనుండి పీనుగ పోరాదో, ఏ సందు చుట్టి పోవాలో చూపింది. ఇప్పుడు ఆ వీధిలో సిమెంటు రోడ్డు, దానిమీద ట్రాక్టరు. మరల బావి వైపు తిరిగి, "ఆ నీళ్ళ కోసం ఎంతసేపు నిలబడ్డామో! చివరికి ఆ నీళ్ళే అందరి నడుములూ వంచినయి, తోడినోళ్ళవీ, పట్టుకున్నోళ్ళవీ" అని నవ్వింది. మేము మాత్రము నవ్వలేకపోయాము.

ఇంటికి వచ్చిన తరువాత లూకా సువార్త పదియవ అధ్యాయము తీశాము. ఎన్నిసార్లు ప్రసంగించాము దానిని! మంచి సమరయుని ఉపమానము కథే గదా. కాని దానికి ప్రభువు పెట్టుకొన్న స్థలము కల్పితము కాదు. యెరూషలేమునుండి యెరికోకు దారి. సుమారు ఇరువది ఏడు కిలోమీటర్లలో వెయ్యి మీటర్లు దిగిపోతుంది. యెరూషలేము సముద్రమట్టమునకు చాలా ఎత్తున, యెరికో సముద్రమట్టమునకు దిగువన. చుట్టూ బోడికొండలు, మలుపులు, దొంగలు దాగుటకు గుహలు. ఆయన స్వయముగా నడిచిన దారి, వినేవారు నడిచిన దారి. ఇంతవరకు మేము ఎప్పుడూ చెప్పేదే. ఆ రాత్రి కొత్తగా కనబడినది వేరు. ఆ దారిలో ఎవరు ఏ పనిమీద పోతారో, ఎవరు ఎవరిని ముట్టరో, ఎవరి దేశములో ఎవరు పరాయివాడో అంతా ఆ స్థలములోనే ఇమిడియున్నది. యూదయ దేశపు దారిలో సమరయుడు గాడిద దిగి నిలబడుటే ఒక సాహసము. దారిని మాత్రము వర్ణించి, అది ఎవరి దారియో చెప్పకపోతే ఆ కథలో మిగిలేది ఒక గాయపడిన మనిషి, కొంచెము నూనె, ద్రాక్షారసము.

పందొమ్మిదవ అధ్యాయములో, రాజ్యము సంపాదించుకొనుటకు దూరదేశమునకు పోయిన గొప్పవాని కథ కూడ ఇటువంటిదే. ప్రభువు దానిని చెప్పినది యెరికో ప్రాంతములో. హేరోదు మరణించినప్పుడు అతని కుమారుడు అర్కెలాయు రాజ్యము కొరకు రోమాకు పోయినాడు. అతడు రాకూడదని యూదులు కొందరు వెనుకనే రాయబారము పంపారు. అదే అర్కెలాయు యెరికోలో రాజభవనమును వైభవముగా తిరిగి కట్టించాడని యోసేఫు చరిత్రకారుడు వ్రాశాడు. అంటే వినేవారి కళ్ళ ఎదుట ఆ భవనమున్నది. పేరు చెప్పనక్కరలేకపోయింది.

మన ప్రాంతమును గూర్చిన నవలలను కూడ అటు తరువాత వేరు కళ్ళతో చదివాము. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు సత్తెనపల్లి తాలూకాలోని వేములూరుపాడులో పుట్టారు. పల్నాడు అడవి పుల్లరి ఉద్యమములో చెరసాల పాలై, అక్కడ మాలపల్లి వ్రాశారు. 1922లో అది అచ్చయింది. మంగళాపురము అనేది ఆయన కల్పించిన పేరే. అయినా ఆ ఊరిలో పల్లె ఎక్కడ ఉన్నదో, పొలము ఎవరిదో, కూలి ఎలా కొలుస్తారో తెలిసిన మనిషి కట్టిన ఊరది. దొరతనమువారు ఆ పుస్తకమును నిషేధించారంటే ఆ కల్పిత ఊరు వారికి ఎంత నిజముగా కనబడియుండాలి!

కనిగిరికి ఇంకా దగ్గరది జి. కళ్యాణరావు గారి అంటరాని వసంతం. 2000 సంవత్సరములో వచ్చింది. ఆయన రాజకీయ అభిప్రాయములతో మేము అన్నిచోట్ల ఏకీభవించము, మన మిషనుల మీద ఆయన వేసిన ప్రశ్నలు కొన్ని మాకు గుచ్చుకొన్నాయి. అయినను ప్రతి కాపరీ చదవవలసిన నవల. రూతు అనే వృద్ధురాలి జ్ఞాపకములుగా నడుస్తుంది, ఎన్నెలదిన్ని అనే పల్లెను చుట్టుకొని. అందులో శివయ్య, శశిరేఖ కరువుకు తాళలేక బకింగ్‌హాం కాలువ పనికి నడిచిపోతారు. ఆ కాలువ సంగతి మనకు మిషను చరిత్రలోనూ ఉన్నది. 1876–78 కరువులో ఒంగోలు మిషనెరీ క్లౌ దొరగారు, పూర్వము సర్వే పని చేసినవారు గనుక, ఆ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసికొని పడమటి పల్లెల జనమునకు పని కల్పించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒకే దినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చినది ఆ తరువాతే. ఆయన స్వీయచరిత్ర 1914లో, ఆయన మరణానంతరము, భార్య ఎమ్మా గారి చేతి మీదుగా వచ్చింది. అంతకుముందే 1899లో ఆమె మాదిగ పెద్దలు చెప్పిన సంగతులను విని ఒక పుస్తకము వ్రాశారు. వారి చెప్పులు కుట్టే పని ఆ పుస్తకము పేరులోనే ఉన్నది.

ఒకే కాలువ, ఒకే కరువు. క్లౌ దొరగారి పుస్తకములో గుడారము ఎక్కడ, ఎన్ని మైళ్ళు, ఎంతమంది అన్నది ఉన్నది. కళ్యాణరావు గారి నవలలో ఆ కాలువ గట్టున దాహమువేసినవాడు ఎక్కడ నీళ్ళు త్రాగవచ్చో, ఎక్కడ త్రాగకూడదో ఉన్నది. రెండూ చదవాలి. మేము మా కథకు మొదటిదానినే చాలుననుకొన్నాము.

మరల ఆ పల్లెకు వెళ్ళినప్పుడు ఆమెతో చెప్పాము – ఆ కథను తిరిగి వ్రాస్తాము, రచ్చబండను తీసివేస్తాము అని. మేమనుకొన్నంత సంతోషము ఆమె మొగములో కనబడలేదు. చాలాసేపు ఊరకున్నది. తరువాత, "తీసెయ్యబాకండి అయ్యగారూ" అన్నది. "కూర్చోబెట్టండి. గాని ఊరికే కూర్చోబెట్టబాకండి. కూర్చొనేముందర నేను అటూ ఇటూ చూసినట్టు రాయండి. చెప్పులు చేతిలో ఉన్నట్టు రాయండి. కూర్చున్నాక వాటిని ఎక్కడ పెట్టాల్నో తెలవనట్టు రాయండి."

ఆ మూడు మాటలు మా నోటు పుస్తకములో ఆమె ఎదుటనే వ్రాసుకొన్నాము. ఆ పుస్తకములో అంతకుముందు కొండల రంగులు, చెట్ల పేర్లు, బస్సు వేళలు ఉండేవి. అప్పటినుండి ఏ ఊరు వెళ్ళినా మొదట నీళ్ళు ఎవరు తెస్తారు, ఎక్కడనుండి అని అడుగుతున్నాము. ఎవరు ఎక్కడ కూర్చోరు అని అడుగుట కష్టము. అది అడిగితే చెప్పరు, వెంట నడవాలి. మా శ్రీమతి ఈ పనిలో మాకంటె ఎంతో ముందున్నారు.

కథను తిరిగి వ్రాయుటకు ఏడాది పట్టింది. మొదటిసారి ఆమె రచ్చబండ మీద కూర్చొనుట ఒక్క వాక్యము. ఈసారి బావినుండి బండ వరకు నడచుటకే మూడు పుటలు అయినాయి. బావి నీళ్ళు తియ్యగా లేవు. కోతలు మాఘమాసములోనికి జరిగాయి. దానితో క్రిస్మస్ కథ క్రిస్మస్ కథ కాకుండ పోయింది, సంపాదకులు కొంచెము నొచ్చుకొన్నారు.

అచ్చయిన ప్రతి తీసికొని ఆ పల్లెకు వెళ్ళేసరికి ఫిబ్రవరి ఆఖరు. ఆమె ఇంటికి తాళము వేసియున్నది. ప్రక్క ఇంటికీ తాళమే. కొడుకు, కోడలు పల్నాడు వైపు కోతలకు పోతూ, చేను గట్టున చంటిపిల్లలను చూచుకొనుటకు ఆమెను కూడ వెంటబెట్టుకొనిపోయారట. రచ్చబండ మీద ఆమె మనుమడు, ఇంటరు పరీక్షల కొరకు ఆగిపోయినవాడు, సెల్లు చూచుకొంటూ పడుకొనియున్నాడు. మమ్మును చూచి లేచి కూర్చున్నాడు.

"అవ్వ ఈస్టరుకు గూడా రాదు అయ్యగారూ, కోతలయినాకే" అని, కొంచెము ప్రక్కకు జరిగి మాకు చోటిచ్చాడు. పత్రిక అతని చేతికిచ్చి, చెప్పులు క్రింద విడిచి, బస్సు వచ్చువరకు అక్కడే కూర్చున్నాము.